పొట్టు తీయని పోలిక

ఆఫీసులో అతన్ని భూతద్దం అంటారు. చాటుమాటు సైట్లలో మారుపేరుతో దొంగసరుకు అమ్మేవాడూ, అందరూ చూసే సైట్లలో కబుర్లు రాసేవాడూ ఒక్కడేనా అన్నది రాసే తీరు చూసి తేల్చడం అతని ఉద్యోగం. ఎవడు ఏ మాట పట్టుకు వేలాడతాడో, ఎక్కడ కామా ఎగ్గొడతాడో ఇట్టే పసిగట్టేస్తాడు. ఆ పనిలో అతనికి తిరుగులేదు. ఇంట్లో మాత్రం ఆ ముక్క అన్నవాళ్ళు లేరు.

అత్తవారింట్లో మెప్పంతా తోడల్లుడిదే. ఆయనగారు సైకిళ్ళు బాగుచేసుకోవడం గురించి ఒక సైట్లో రాస్తుంటాడు. మామగారు వాటిని ఫోన్లో చదివి వినిపించి, "ఎంత విడమరిచి చెప్పాడో విన్నారా, అల్లుడుగారూ!" అని పెద్దల్లుణ్ణే అడుగుతారు. అతనికి ఒళ్ళు మండిపోయేది. గొలుసుకు నూనె రాయమనడం కూడా ఒక విద్యేనా? కట్టుకున్న భార్య సైతం అవి చదివి ముసిముసిగా నవ్వుకుంటుంటే అన్నం సయించేది కాదు.

ఒకనాడు దొంగ సైకిళ్ళు అమ్మే అజ్ఞాత రాయుడొకడి రాతలు అతని చేతికొచ్చాయి. పోల్చి చూసిన కంప్యూటర్ అవి తోడల్లుడివేనంది. భూతద్దానికి ప్రాణం లేచొచ్చింది. "దొరికావురా నాయనా!" అనుకుంటూ రిపోర్టు పై అధికారికి పంపేశాడు. పోల్చేముందు పొట్టు తీయాలి, అంటే ఇతరుల దగ్గర ఎత్తి రాసుకున్న భాగాలు తొలగించాలి. కొత్తవాళ్ళకి ఆ పాఠం చెప్పేదే అతను. ఆ పూట కడుపుమంట అతన్ని ఆ పని చేయనివ్వలేదు.

టీ తాగుతుంటే గుర్తొచ్చి, కప్పు అక్కడే పెట్టేసి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పొట్టు తీసి చూస్తే ఏముంది, ఆ దొంగవెధవ తోడల్లుడి సలహాలు మక్కీకి మక్కీ దించుకున్నాడు. అవి తీసేస్తే పోలికే లేదు. పరుగెత్తుకెళ్ళేసరికి అధికారి ఆ రిపోర్టును పోలీసులకు పంపబోతున్నాడు.

"ఆపండి సార్! తప్పు నాది."

"పదిమందికి చెప్పే నువ్వే పొట్టు తీయకుండా పంపావా?"

రిపోర్టు వెనక్కి తీసుకున్నాడు. మనసులో దాచుకోలేక, ఆదివారం అత్తవారింట్లో అందరి ముందూ బయటపెట్టేశాడు. తోడల్లుడు నాలుగు తిట్లు తిడతాడనే ఎదురుచూశాడు.

"పోనీండి అన్నయ్యా. మీరు ఆపబట్టే కదా, నేను బతికిపోయాను," అంటూ తోడల్లుడు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మా మరిది మనసు వెన్నండీ," అంది భార్య. మామగారు కళ్ళు తుడుచుకున్నారు.

వాడు ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఈ కుళ్ళు అక్కడితో తీరిపోయేది. ఇక ఈ జన్మలో తీరదు.