కోసినవాడు తినని విందు

గాష్పార్ నిద్రపోవడం మొదలుపెట్టింది అరవై దాటాక.

అంతకుముందు పడుకునేవాడు, అంతే. కాసేపటికే ఛాతీలో మంట లేచేది. వంటింట్లోకి వెళ్ళి సోడా నీళ్ళు తాగి, కుర్చీలోనే తల వాల్చేవాడు. కుడికాలి బొటనవేలు వాచి ఉండేది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. మొదట్లో అరిచేవాడు. వినేవాళ్ళు ఇంట్లో లేరని గుర్తొచ్చి అరవడం మానేశాడు.

కొరొష్ నది ఒడ్డున మా వీధిలో పందుల్ని కోసేది అతనే. తొలి మంచు పడినప్పటి నుంచి చలికాలం వెళ్ళేదాకా, తెల్లవారకముందే ఎవరో ఒకరు అతని గేటు తట్టేవారు. కత్తుల సంచీ భుజాన వేసుకుని వెళ్ళేవాడు. పందిని కోసి, గడ్డి మంట మీద వెంట్రుకలు కాల్చి, గీకి, కడుపు చీల్చి, ముక్కలు కొట్టి, సాసేజీలు కూరేసరికి సాయంత్రమయ్యేది. అప్పుడు ఆ ఇంటివాళ్ళతో కలిసి విందుకి కూర్చునేవాడు. బల్ల చివర, పొయ్యికి దగ్గరగా ఉండే కుర్చీ కోసినవాడిది. ఏ ఇంట్లోనైనా అంతే.

సొంత ఇంట్లో ఒక్క కుర్చీయే ఉండేది. భార్య పోయాక తక్కినవి అటకెక్కాయి. వేసవంతా పొయ్యి పక్కన నిలబడే తినేవాడు. చలికాలంలో మనుషుల మధ్య తినేవాడు.

డాక్టరమ్మ కాలు చూసి, నిద్ర గురించి అడిగి, అంది:

"మాంసం తగ్గించండి. వారానికి రెండు రోజులు చాలు."

"నేను పందులు కోసేవాణ్ణమ్మా."

"కోయండి, ఎవరొద్దన్నారు? తినడం తగ్గించమంటున్నాను."

"మరి బలం?"

"చిక్కుళ్ళు, పప్పు, గుడ్లు ఉన్నాయిగా. ఒట్టి రొట్టె తిని కూర్చుంటే మాత్రం నీరసం వస్తుంది. ముందే చెబుతున్నా."

గాష్పార్ ఒట్టి రొట్టే తిన్నాడు. రొట్టె, బంగాళాదుంప. మాంసం లేకపోతే పళ్ళెంలో ఇంకేం పెట్టుకోవాలో అతనికి తెలియదు. తోటలో పార పట్టుకుంటే రెండు పోట్లకే ఆపేసేవాడు. మధ్యాహ్నం వాల్‌నట్ చెట్టు కింద కూలబడి నిద్రపోయేవాడు, రాత్రికి కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. కొన్ని వారాలయ్యాక డాక్టరమ్మ చివరి మాట గుర్తొచ్చింది. చిక్కుడు గింజలు నానబెట్టాడు. పప్పు వండి పుల్లటి మీగడ కలుపుకున్నాడు. పొద్దు ఉండగానే తినడం అలవాటు చేసుకున్నాడు.

వేసవి చివరికి దుంపల మడి అంతా ఒక్క పొద్దున తవ్వగలిగాడు. వేలి వాపు తగ్గింది. ఒకరోజు కళ్ళు తెరిచేసరికి కిటికీలో వెలుగు ఉంది. మధ్యలో ఒక్కసారీ లేవలేదు. మంచం మీదే కూర్చుని చాలాసేపు ఆ వెలుగును చూశాడు. బాగా నిద్రపట్టిందని చెప్పడానికి ఇంట్లో మనిషి లేడు. బయట చెబితే ఎలా పట్టిందని అడుగుతారు. మాంసం తినని కసాయి అంటే వీధి వీధంతా నవ్వుతుంది. నవ్వినా పరవాలేదు. పిలవడం మానేస్తే?

అందుకని ఎవరికీ చెప్పలేదు.

చలికాలం వచ్చింది. తినే రెండు రోజులనూ ఏ ఇళ్ళకి ఇవ్వాలో మనసులోనే లెక్క వేసుకునేవాడు. ఒక వారం మంగళవారం, బుధవారం వరసగా విందులు పడ్డాయి. రెండుచోట్లా తిన్నాడు. గురువారం ఎతెల్క ఇల్లు. ఆ వారం లెక్క అప్పటికే నిండిపోయింది.

ఎతెల్క భర్త ఆ వసంతంలో పోయాడు. పందిని ఆమె ఒక్కతే పెంచింది. కుడితి బిందెలు మోసి మోసి భుజం ఒకవైపుకి వంగింది. మగదిక్కు లేకుండా ఆ ఇంట్లో అదే మొదటి కోత. మంచి బల్లగుడ్డ తీసి పరిచింది. పందిని పట్టుకోవడానికి బావగారు దెజో వచ్చాడు. గాష్పార్‌కి చిన్ననాటి స్నేహితుడు, నోరు ఊరుకోని మనిషి.

గాష్పార్ ఎప్పటిలాగే కాలేయాన్ని వెలుగులోకి పట్టి తిప్పి చూశాడు. పందికి రోగముంటే అక్కడే తెలుస్తుంది.

"ఎలా ఉంది బాబాయ్?" అంది ఎతెల్క.

"శుభ్రంగా ఉందమ్మా."

సాసేజీల కైమాలో మిరపపొడి, వెల్లుల్లి కలిపాక కొంచెం వేయించి ఉప్పు చూడటం కోసినవాడి పని. గాష్పార్ గరిటె ఆమెకి అందించాడు. "నువ్వే చూడమ్మా. మీ ఇంటి ఉప్పు నీకు తెలుస్తుంది." మర్యాదకి అన్నాడనుకుంది ఆమె.

విందులో అతను పుల్ల క్యాబేజీ, రొట్టె వేసుకున్నాడు. సాసేజీల పళ్ళెం తన దగ్గరకి వస్తే పక్కకి జరిపాడు.

"ఏరా, పందికి కర్మకాండ చేస్తున్నావా? ఉపవాసం ఉన్నావేంటి?" అన్నాడు దెజో.

"ఇంట్లో తినొచ్చాను."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట ఇంకొకరు అని ఉంటే నమ్మేవాళ్ళు. గాష్పార్ ఇంట్లో వండి పెట్టేదెవరు?

ఎతెల్క ఫోర్కు కింద పెట్టింది. "కాలేయం శుభ్రంగా ఉందన్నారు కదా బాబాయ్."

"ఉందమ్మా."

త్వరగా లేచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు ఎతెల్క వీధిలో రుచి పళ్ళేలు పంచింది. కోత అయిన ఇంటి నుంచి ఇరుగుపొరుగుకి ఒక్కో పళ్ళెం వెళ్ళాలి. వాళ్ళ కోత రోజున తిరిగి వస్తుంది. ఎవరూ కాదనలేదు. గేటు దగ్గరే తీసుకుని, థాంక్స్ చెప్పి, తలుపులు వేసుకున్నారు. ఎలా ఉందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

సాయంత్రం దెజో గాష్పార్ కంచె దగ్గర నిలబడ్డాడు. ఈసారి హాస్యం లేదు.

"ఏం చూశావురా దాని కడుపులో?"

"దేని కడుపులో?"

"మా మరదలి పంది కడుపులో. కోసినవాడు ముట్టుకోలేదు, ఉప్పు కూడా చూడలేదు. రోగం పందని వీధంతా అంటోంది. ఆడవాళ్ళు ఆ సాసేజీ కుక్కక్కూడా వెయ్యట్లేదు. మాంసం పారెయ్యాలో పొగబెట్టాలో తెలీక మరదలు గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. ఏడాది పొడుగునా దానికి అదే తిండిరా."

గాష్పార్ కంచె దగ్గరకి వచ్చి గొంతు తగ్గించాడు. "పందికేం లేదు. నాకే. డాక్టరమ్మ తగ్గించమంది."

"నీకా?" దెజో అతన్ని కిందా మీదా చూశాడు. "ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?"

మాటతో పోయేది కాదని గాష్పార్‌కి అర్థమైంది.

మర్నాడు ఎతెల్క ఇంటికి వెళ్ళి, బల్ల బయట వెయ్యమన్నాడు. వీధి గేటు పక్కన, మంచులో. "అన్నీ పెట్టమ్మా. కాలేయం, నెత్తురు సాసేజీ, వేపుడు కొవ్వు, అన్నీ."

"ఇప్పుడా బాబాయ్? ఇంత చలిలోనా?"

"ఇప్పుడే. గేటు తెరిచి ఉంచు."

కూర్చుని తిన్నాడు. దారిన పోయేవాళ్ళు నడక తగ్గించారు, ఆగారు. అతను మళ్ళీ వడ్డించుకున్నాడు. దెజో గ్లాసులో ప్లం సారా పోసి తనూ ఒక ముక్క తీసుకున్నాడు. పక్కింటావిడ ఒకటి తీసుకుంది. కాసేపటికి బల్ల చుట్టూ చోటు లేదు. ఎతెల్క ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికీ బయటికీ తిరిగింది. రుచిగా ఉంది. గాష్పార్ నవ్వాడు కూడా. చుట్టూ మనుషులున్నారు.

వారం తిరిగినా అతని కాలు బూటులో పట్టలేదు. నిద్ర దూరమైంది. పిలిచిన ఇంటికి వెళ్ళలేకపోయాడు. ఎతెల్క సూపు పట్టుకుని చూడటానికి వచ్చింది. ఎర్రగా వాచిన కాలు చూసింది. పొయ్యి పక్కన గిన్నెలో నానుతున్న చిక్కుడు గింజలు చూసింది.

"చెబితే ఏం పోయేది బాబాయ్?"

"ఆ కుర్చీ పోయేది."

"మీ కుర్చీ ఎవరు తీస్తారు? పిచ్చి మాటలు."

నిజంగానే ఎవరూ తీయలేదు. ఎతెల్క ఇంటింటికీ వెళ్ళి సంగతి చెప్పింది. ఒక్కరూ నవ్వలేదు. అందరూ జాలిపడ్డారు. పాపం, రోజంతా మాంసం మధ్య నిలబెట్టి, చివర్లో తినొద్దంటే ఎలా? ఇబ్బంది పెట్టకూడదు అనుకున్నారు. పట్నం నుంచి ఒక కుర్రాడు పందిని స్పృహ తప్పించే కరెంటు పరికరంతో వచ్చి కోసి వెళ్ళడం మొదలైంది. గాష్పార్ వీధిలో కనిపిస్తే అందరూ ఆపి ఆరోగ్యం అడిగేవారు. నిద్ర తిరిగి వచ్చింది. మడి తవ్వే బలమూ వచ్చింది. కత్తులు నూనె రాసి సంచీలో పెట్టుకున్నాడు.

మరుసటి చలికాలం ఒక పొద్దున అతను బాగా నిద్రపోయి లేచాడు. అవతల ఎతెల్క పెరట్లో పంది అరిచింది. ఆగి, మళ్ళీ అరిచింది. ఆ కుర్రాడి మొదటి దెబ్బ తప్పిందని మంచం మీద నుంచే తెలిసింది.

పొద్దు వాలాక గేటు తట్టారు. కోటు కూడా వేసుకోకుండా వెళ్ళి తీశాడు. ఎతెల్క. ఆమె చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం.

"మీకోసం విడిగా చేశాను బాబాయ్. ప్లం జామ్ పెట్టిన బూరెలు. మాంసం వాసన కూడా తగలనివ్వలేదు." ఆమె ఏప్రన్ అంచున మిరపపొడి మరకలున్నాయి. వెనక ఆమె ఇంట్లోంచి దెజో నవ్వు వినిపిస్తోంది. "లోపలికి రమ్మందామనుకున్నాను. మీ ముందు కూర్చుని మేం తింటే ఊరించినట్టు ఉంటుందని పిలవలేదు."

"మంచిపని చేశావమ్మా."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది. చాలా బాగా పడుతోంది."

ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది. బూరెలు ఇంకా వేడిగా ఉన్నాయి. పొయ్యి పక్కన నిలబడి ఒకటి తిన్నాడు. పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏం పెట్టి ఇవ్వాలా అని ఇంట్లో చుట్టూ చూశాడు.