మీ ఊరికి బండి వస్తదా?

మా వీరరాఘవమ్మ పెద్దమ్మ కొత్తమనిషి కనిపిస్తే పేరడగదు, కులమడగదు. "మీ ఊరికి అంబులెన్సు వస్తదా? ఎంతసేపట్లో వస్తది?" అని అడుగుతుంది. పలకరింపూ అదే, పరామర్శా అదే. ఆమెకి తోడు వెళ్ళే పని నాది. అందుకే తల దించుకుని నడవటం నాకు చిన్నప్పుడే అలవాటైంది.

నా పెళ్ళిచూపులకి శావల్యాపురం నుంచి వచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి జంతిక కొరుకుతుంటే పెద్దమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో ఎవరికన్నా గుండె పట్టేసిందనుకోండి..."

జంతిక ఆయన నోట్లోనే ఆగిపోయింది. "మా వంశంలో ఎవరికీ గుండెజబ్బు లేదమ్మా!"

"ఉన్నదన్లేదయ్యా. వస్తే, బండి మీ గుమ్మందాకా వస్తదా, సందు మొదట్లోనే ఆగుద్దా?"

పెళ్ళికొడుకు తల్లి అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. నేను కాఫీ పళ్లెంతో తలుపు వెనకే నిలబడిపోయాను.

ఎత్తిపోతల వెళ్ళినప్పుడు జనమంతా జలపాతం ముందు ఫొటోలు దిగుతుంటే, ఈవిడ టికెట్లిచ్చే అతన్ని పట్టుకుంది.

"అయ్యా, ఇక్కడ ఎవరన్నా జారిపడితే ఈ మెట్ల మీద స్ట్రెచరు తిరుగుద్దా?"

"ఎవరు పడ్డారమ్మా!" అంటూ అతను కిందికి పరుగెత్తాడు. జనం మావంక చూశారు. ఆమె ఎవరో నాకు తెలీనట్టు నేను కోతుల్ని చూస్తూ నిలబడ్డాను.

కిందటేడు మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక అంబులెన్సు ఇస్తామన్నారు. బండీ, జీతాలూ సర్కారువి. జాగా, షెడ్డు ఊరోళ్ళు చూసుకోవాలి. ఎక్కడ పెట్టాలో అడగటానికి ఆఫీసరుగారు మా ఊళ్ళో సభ పెట్టారు.

"పన్నులు కడతన్నాం గదా, మళ్ళీ షెడ్డుకి చందాలేందండీ?" అన్నాడొకాయన.

"సైరన్ మోగితే మా గేదె పాలు చేపదు" అంది ఇంకొకామె.

మా వెంకటప్పయ్య బాబాయ్ లేచాడు. "మా ఇంటి ముందు పెట్టండి. షెడ్డు మొత్తం నేనే ఏయిస్తా. నాకు బీపీ."

అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు. బండీ బండీ అని గొంతు చించుకున్నది ఆమే గదా.

పెద్దమ్మ కొంగు దోపుకుని లేచింది. "మనూళ్ళో వద్దు" అంది.

సభ గొల్లున నవ్వింది. "కూర్చో పెద్దమ్మా, పరువు తీయకు" అని నేను కొంగు లాగాను.

"ఉండవే! నేను ఊరూరోళ్ళనీ అడిగింది ఊసుపోక కాదు. గుట్టకిందపాలెం మాబున్నీసా ఏం చెప్పిందో తెలుసా? మిరపకోతకి మనూరొచ్చిన ఆమె కూతురికి నొప్పులొస్తే, మిరపకాయల ట్రాక్టరెక్కించి ఆస్పత్రికి పంపారంట. ఆ ఘాటుకి దగ్గలేక, అరవలేక, దారిలోనే కన్నది ఆ పిల్ల. తల్లీబిడ్డా బతకటం దేవుడి దయ. మనకి పిలిస్తే ఆటో వస్తది. మనూళ్ళో ఉండి కూడా వాళ్ళకి దక్కింది ట్రాక్టరు, ఆ గుట్ట కింద అదీ లేదు గదయ్యా. బండి ఆ పాలెంలో పెట్టండి. మనకీ అందుద్ది."

ఆ ట్రాక్టరు మా బజారు మీదుగానే పోయింది. ఆరోజు అరుగుల మీద కూర్చుని చూసినవాళ్ళంతా ఇప్పుడు నేల చూపులు చూస్తున్నారు.

వెంకటప్పయ్య బాబాయ్ మెడలో కండువా తీసి చేత్తో నలిపాడు. పెద్దమ్మ ఆయన పేరెత్తలేదు. ఆయనే చెప్పాడు.

"అక్కా, ట్రాక్టరు నాదే. ఆరోజు కారు ఇంట్లోనే ఉంది. కొత్త సీట్లు గదా అని..." కండువా మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "ఆ పాలెంలోనే షెడ్డు నేను ఏయిస్తా" అన్నాడు.

"రేకులు మందమైనయ్యి ఏయించు, ఎండలకి ఆగాల" అంది పెద్దమ్మ.

షెడ్డు లేచింది. బండి వచ్చిన రోజు మేమూ పాలెం వెళ్ళాం. పెద్దమ్మ దాని చుట్టూ తిరిగి, అద్దంలోంచి తొంగి చూసి, డ్రైవరు హబీబుల్లాని బతిమాలింది.

"నాయనా, ఒక్కసారి ఎక్కి కూర్చుంటా."

"కుదరదమ్మా. ఊరికే ఎక్కించుకోం. ప్రాణం మీదికొస్తేనే."

పెద్దమ్మ బండిని ఒకసారి చేత్తో నిమిరింది.

"అట్టాగా! అయితే మంచిది నాయనా, ఎక్కకుండానే పోతాలే."