గుమ్మటం కింద తోటికోడళ్ళు

పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటుంది మా పెద్దమ్మ. నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటుంది. అలాంటి మనిషికి దేవుడు ఆ భవనంలోనే ఉద్యోగమివ్వాలా!

ఆమే, మా అమ్మా తోటికోడళ్ళు. ఇద్దరూ పార్లమెంటు భవనంలోనే పనిచేసేవారు. సభ పైన చుట్టూ తిరిగే గ్యాలరీకి ఉన్న ఇత్తడి కమ్మీలు తళతళలాడేలా తోమడం వాళ్ళ పని. తూర్పు సగం అమ్మది, పడమటి సగం పెద్దమ్మది.

ఆ సభకి మొదట కొయ్య కప్పు ఉండేదట. అది కాలిపోయాక రాతి గుమ్మటం లేపారు. మైకులు లేని రోజులు కదా, ఎవరు మాట్లాడినా చివరి బెంచీదాకా వినపడాలని అంత గుండ్రంగా కట్టారు. వినపడటం కాస్త ఎక్కువైంది. గ్యాలరీలో ఒక గోడ దగ్గర గుసగుసలాడితే ఎదురుగోడ దగ్గర చెవిలో చెప్పినట్టే ఉంటుంది. అది తెలిశాక నాయకులు రహస్యాలన్నీ వరండాల్లోకి మార్చుకున్నారట.

పెద్దమ్మ కూడా ఈ కిటుకు కనిపెట్టింది గానీ అమ్మకి చెప్పలేదు. గోడకి చెవి ఆనించి, అమ్మ ఎవరితో ఏం మాట్లాడుతోందో వింటూ కమ్మీలు తోమేది.

ఈ మధ్య గుమ్మటానికి పగుళ్ళొచ్చాయని మరమ్మతు మొదలుపెట్టారు. సగం గ్యాలరీ మూసేస్తున్నాం, తోమడానికి ఒక్కరు చాలన్నాడు సూపర్‌వైజర్. పెదనాన్న మంచం పట్టాక పెద్దమ్మ జీతమే ఆ ఇంటికి ఆధారం. ఆమెకి నిద్ర కరువైంది.

"మీ అమ్మ నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ, నా కింద గొయ్యి తవ్వుతోందే," అంది నాతో. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ గురించి నా దగ్గరే!

మర్నాడు సూపర్‌వైజర్ అమ్మ దగ్గరికి వెళ్ళడం చూసి పెద్దమ్మ గోడకి అతుక్కుపోయింది. అమ్మ గొంతు వినిపించింది.

"అక్కని ఉంచండి సార్. నేను ఇంకెక్కడైనా చూసుకుంటాను. ఇది పోతే వాళ్ళ ఇల్లు గడవదు. రోజూ ఏడుస్తోంది పాపం."

ఆయన సరేనన్నాడు. పెద్దమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. ఏడుస్తున్నట్టు ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ గోడ పక్కన తనలో తను గొణుక్కుందంతే.

గ్యాలరీ చుట్టూ తిరిగి పరుగున వచ్చింది. "నేనేడ్చిన సంగతి నీకెవరు చెప్పారే?"

"నువ్వే అక్కా. నా మాటలు అక్కడికి వినపడితే, నీ మాటలు ఇక్కడికి వినపడవూ? చేరినప్పట్నుంచీ వింటూనే ఉన్నాను."

పెద్దమ్మ మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళూ ఆ గోడ దగ్గర మా అమ్మని తిట్టని రోజు లేదు మరి. నంగనాచి, కొంపముంచేది, ఇంకా ఏమేమో. అవన్నీ విని కూడా ఇది ఉద్యోగం వదులుకుందా అనుకుందేమో, అమ్మ చెయ్యి పట్టుకుని భోరుమంది.

కాసేపటికి ముక్కు చీదుకుని, కళ్ళు చికిలించి అమ్మని ఎగాదిగా చూసింది.

"అయితే ఇన్నేళ్ళూ నా మాటలు దొంగచాటుగా వింటున్నావన్నమాట!"