గోలీతో మాట్లాడిన మనిషి

పొద్దున ఆరింటికి, మంచు మీద హాకీ ఆడే రింక్ తలుపు తాళం తీశాక వెర్నా కెస్కిటాలో వెంటనే లైటు వేసేది కాదు. మెట్ల కింద ఉన్న తన గదిలోకి చీకట్లోనే వెళ్ళి, సానరాయి మోటారు మీట నొక్కి, ఆ చప్పుడు వింటూ ఫ్లాస్కులోని కాఫీ సగం గ్లాసు తాగేది. రాయి సమంగా తిరుగుతోందో, ఎక్కడైనా అరిగి తూలుతోందో ఆ సగం గ్లాసులోనే తెలిసిపోయేది. ఆ తర్వాతే లైటు, ఆ తర్వాతే స్కేట్లు.

ఆ గది ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. టామరాక్ ఫాల్స్ ఊరి కాగితం మిల్లు కార్మికులు 1953లో ట్రాపర్స్ అని ఒక హాకీ జట్టు పెట్టుకున్నప్పుడు ఆర్విడ్ కెస్కిటాలో అదే మిల్లులో రంపాలకు సాన పట్టేవాడు. రంపాలు పట్టేవాడికి స్కేట్లు ఒక లెక్కా అని ఆ పని కూడా అతని నెత్తిన పెట్టారు. మొదట్లో ఆటగాళ్ళు షిఫ్టు దిగి, ఒంటి మీద మిల్లు వాసనతోనే ఆటకు వచ్చేవారు. 1962లో కురిసిన మంచు బరువుకు రింక్ కప్పు కూలిపోతే రెండు శీతాకాలాలు గడ్డకట్టిన నది మీద ఆడారు. ఉన్న లీగు మూతపడితే మరొక దాంట్లో చేరారు, అదీ మూతపడితే ఇంకొక దాంట్లో. పెద్ద లీగులు వద్దన్నవాళ్ళు, ఎప్పటికైనా అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళు బస్సుల్లో వచ్చి ట్రాపర్స్ ఆకుపచ్చ చొక్కా తొడుక్కునేవారు. 1987 దాకా ముప్పై నాలుగేళ్ళలో ఆ జట్టు ఒక్కసారి కూడా ఫైనల్ దాకా వెళ్ళలేదు. ఆర్విడ్ చూపు మందగించాక, 1966 నుంచి సాన వెర్నా చేతికి వచ్చింది.

స్కేటు అడుగున ఉండే ఉక్కు పట్టీకి కత్తిలాగా ఒకే అంచు ఉండదు. మధ్యలో సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. గాడి లోతుగా ఉంటే అంచులు మంచును గట్టిగా కరిచి పట్టుకుంటాయి. గిర్రున మలుపు తిరిగే ఫార్వర్డులు అలా కోరుకుంటారు. గోలు కాచే గోలీ సంగతి వేరు. గోలు ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి పక్కవాటుగా జారాలి కాబట్టి అతని గాడి ఉందా లేదా అన్నట్టుండాలి. వజ్రపు ములుకు బిగించిన చేయిని ఏ గీత దగ్గర ఆపి రాయిని చెక్కితే రాయికి ఆ వంపు వస్తుంది, ఉక్కు మీద ఆ గాడే పడుతుంది. సాయంత్రం వెళ్ళేముందే రాయిని గోలీ వంపుకు తెచ్చి పెట్టడం వెర్నా పద్ధతి. అందువల్ల పొద్దున మొదటి జత ఎప్పుడూ గోలీదే, చూసుకోవలసిన పని లేదు.

గోలీ విషయంలో ఊరికి కూడా ఒక పద్ధతి ఉండేది. ఆట రోజు అతనితో ఎవరూ మాట్లాడరు. 1971లో ఒక పెద్ద ఆట పొద్దున చర్చి మెట్ల మీద ఫాదర్ అప్పటి గోలీని "ఏం నాయనా, నిద్ర పట్టిందా?" అని అడిగాడు. ఆ రోజు తొమ్మిది గోల్స్ పడ్డాయి. అప్పటి నుంచీ ఇంతే. హోటల్లో వడ్డించే ఆవిడ ఏమీ అడక్కుండా గుడ్లూ రొట్టే పెట్టి పోతుంది. పెట్రోలు బంకు మనిషి ఎంతయిందో వేళ్ళతో చూపిస్తాడు. గోలీ కూడా ఆట ముగిసేదాకా పెదవి విప్పడు.

1987లో ఆ గోలీ గార్నెట్ డైక్. సస్కచ్వాన్ గోధుమ పొలాల మధ్య నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ పొడుగాటి మనిషి, మామూలు రోజుల్లో వట్టి వసపిట్ట. అంతకు ముందు ఏడాది ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. మరొక్కసారి మెలిపడితే ఆట మాట దేవుడెరుగు, సరిగ్గా నడవడం కూడా అనుమానమేనని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి అతను వెర్నా గదిలో బల్లెక్కి కూర్చుని, ఏదో సినిమా కథ చెప్పినట్టు చెప్పాడు.

"కాబట్టి నా మోకాలు నీ చేతుల్లో ఉంది, బాస్."

"నీ మోకాలు నీ దగ్గరే ఉంచుకో అబ్బాయ్. ముందు నా బల్ల దిగు. అది విరిగితే అతికించే డాక్టరు ఈ ఊళ్ళో లేడు."

ఆ మార్చిలో ట్రాపర్స్ ఏడు ఆటల సెమీఫైనల్లో మూడు గెలిచి, మూడు ఓడి, ఏడో ఆట దాకా వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆట, సొంత రింక్‌లో. గెలిస్తే ఫైనల్. ఆ పొద్దున వెర్నా కాఫీ పూర్తి కాకముందే రెమీ సవార్డ్ అనే ఫార్వర్డు గదిలోకి దూసుకొచ్చాడు. ముందురోజు అతని స్కేటు పట్టీ గోలు స్తంభానికి తగిలి విరిగింది, కొత్తది బిగించుకుని వచ్చాడు.

"ముందు నాది పట్టవా బాస్? కొత్త ఉక్కు, కాస్త తిరిగి చూసుకోవాలి."

"లైన్లో నిలబడు."

"లైన్లో నేనొక్కణ్ణే ఉన్నాను కదా!"

నవ్వొచ్చి ఆమె రాయి వంపు మార్చి, సవార్డ్‌కు లోతు గాడి పట్టి ఇచ్చింది. తర్వాత గార్నెట్ జత అందుకుంది. ఇరవై ఏళ్ళుగా మొదటి జతకు చేతులు ఎలా కదిలాయో అలాగే కదిలాయి. పట్టిన స్కేట్లను అతని బీరువా ముందు, ముక్కులు గోడవైపు తిప్పి, మాట్లాడకుండా పెట్టి వచ్చింది.

ఒంటి గంటా పాతిక నిమిషాలకు రెండు జట్లూ వామప్‌కు దిగాయి. రెండు వేల కుర్చీలూ అప్పటికే నిండాయి. వెర్నా ఆటగాళ్ళ బెంచీ చివర, చేతిలో తువ్వాలుతో నిలబడి ఉంది. గార్నెట్ ఎడమ స్తంభం దగ్గర నుంచి కుడివైపు జారాడు. సగం దూరంలో అతని పాదం ఠక్కున ఆగింది, ఒళ్ళు మాత్రం ముందుకు తూలింది. అతను సర్దుకుని, కాలు కిందికి చూసుకుని, మళ్ళీ నిలబడ్డాడు.

మంచు మీద గీత పడి ఉంటుంది అనుకుందామె. రెండోసారి కూడా అంతే జరిగింది. ఈసారి ఆగింది ఎడమ కాలు.

ఆమె గదికి పరుగెత్తింది. వజ్రపు ములుకు చేయి లోతు గీత దగ్గరే ఉంది. సవార్డ్ గీత. పొద్దున నుంచి అక్కడి నుంచి కదల్లేదు.

తిరిగి వచ్చేసరికి కోచ్ లెస్ హార్‌గ్రీవ్ బెంచీ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లెస్, గార్నెట్‌ని బయటికి పిలువు. స్కేట్లకు తప్పు సాన పట్టాను. సవార్డ్ గాడి పడింది."

లెస్ గొంతు పెంచలేదు. "వామప్ ఇంకెంత, తొమ్మిది నిమిషాలు. అయ్యాక లోపల చూద్దాం."

"తొమ్మిది నిమిషాలు ఆ కాలు నిలవదు. ఇప్పుడు అడ్డంగా జారి ఆపాల్సిన షాట్లు మొదలవుతాయి."

"అతనికి తేడా తెలిస్తే అతనే వస్తాడుగా!"

"ఎలా వస్తాడు? ఆట రోజు నోరు విప్పడు కదా. తన కాలే బాలేదనుకుంటాడు."

"వెర్నా, నీకేమన్నా పిచ్చెక్కిందా? ఏడో ఆట. ఇంతమంది ముందు ఆ చెవిలో ఒక్క మాట పడిందంటే నిన్నూ నన్నూ కలిపి మిల్లు గుంటలో తోస్తారు."

"తోయనీ."

"నా మాట విను. ముప్పై నాలుగేళ్ళు..."

అటు పక్క గార్నెట్ మళ్ళీ తూలాడు. ఈసారి ఒక చెయ్యి మంచు మీద ఆనించి లేచాడు. లేచేటప్పుడు ఎడమ మోకాలి మీద గ్లవ్ వేసి ఒక్క క్షణం నొక్కుకున్నాడు. వెర్నా లెస్ మోచేతి కింద నుంచి దూరి, తలుపు గడియ తీసి, రబ్బరు బూట్లతో మంచు మీదికి దిగింది.

మొదట ఎవరూ గమనించలేదు. ఆటగాళ్ళు కొట్టే రబ్బరు బిళ్ళలు, పక్‌లు, ఆమె చుట్టూ జారిపోతున్నాయి. ఒకటి బూటుకు తగిలింది. మంచుకు అడ్డంగా ఉన్న నీలి గీత దాటేసరికి షాట్లు ఒక్కొక్కటే ఆగాయి, కుర్చీల్లో గోల కూడా ఆగింది. ఆమె ఎక్కడికి వెళుతోందో అందరికీ ఒకేసారి అర్థమైంది. "వద్దు వెర్నా!" అని పై వరసలోంచి ఒక ఆడగొంతు అరిచింది. "ఎవరన్నా పట్టుకోండర్రా ఆవిణ్ణి!"

గార్నెట్ ఆమెను చూసి వీపు తిప్పుకున్నాడు. ఆమె అటువైపు తిరిగితే అతను ఇటు తిరిగాడు. చివరికి ఆమె గోలు స్తంభాల మధ్య, వల ముందు, అతను జారాల్సిన చోట అడ్డంగా నిలబడింది.

"గార్నెట్, నీ కాలు బాగానే ఉంది. తప్పు నాది. లోతు గాడి పట్టేశాను. స్కేట్లు విప్పెయ్."

అతను ముసుగు వెనక నుంచి ఆమెను చూస్తూ ఉండిపోయాడు. మాట్లాడితే పద్ధతి తప్పినట్టు, మాట్లాడకపోతే ఆమె కదిలేలా లేదు. అతను మెల్లగా ముసుగు పైకి ఎత్తాడు.

"ఎంతసేపు పడుతుంది?"

రెండు వేల మంది ఒక్కసారిగా "అయ్యో" అన్నారు.

వామప్ అక్కడితో ఆపేశారు. మంచును నున్నగా చేసే బండి తిరిగి వెళ్ళేందుకు పదిహేను నిమిషాలు పడుతుంది. వెర్నాకు ఉన్న సమయం అదే. మామూలుగా రాయి మీద రెండు పట్లు పడితే చాలు గానీ, లోతు గాడిని తీసేయాలంటే ఉక్కునే రాయికి పొరలు పొరలుగా తినిపించాలి. రాయి వంపు మార్చింది. ములుకు చేయి గీతను మూడుసార్లు చూసుకుంది. మోచేతులు పక్కటెముకలకు నొక్కి పెట్టుకుని పట్టడం మొదలుపెట్టింది. గార్నెట్ మేజోళ్ళతో తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు. పదకొండు పట్లకు మొదటి స్కేటు అయింది. రెండోది ఇంకా సగంలో ఉండగా బండి రెండో చుట్టు ముగించి లోపలికి వచ్చిన చప్పుడు వినిపించింది. లెస్ తలుపులోంచి తొంగి చూసి, వెళ్ళి, రిఫరీతో ఏదో వాదన పెట్టుకుని రెండు నిమిషాలు సంపాదించాడు.

గార్నెట్ తాళ్ళు బిగించుకుని, లేచి, వెళ్ళాడు. మొదటి జారుడులో అతను ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి నూనె మీద పోయినట్టు పోయాడు. అది చూశాకే ఆమె కూర్చుంది.

ఆ రోజు అతను నలభై ఒక్క షాట్లు ఆపాడు. మూడు ఆపలేకపోయాడు. మూడోది అదనపు సమయంలో, సొంత జట్టు మనిషి బూటుకు తగిలి దారి మారి, గోల్లో పడింది. ట్రాపర్స్ మూడు రెండు తేడాతో ఓడిపోయారు. బూటు సంగతి ఎవరికీ గుర్తు లేదు. "గోలీతో మాట్లాడింది" అన్నది మాత్రం మిల్లు గేటు దాకా, చర్చి దాకా, పొరుగూళ్ళ దాకా వెళ్ళింది. హోటల్లో ఆవిడ ఆ వారమంతా వెర్నాకు కాఫీ పోయకుండానే ముందు నుంచి దాటిపోయింది. లెస్ తర్వాతి సీజను సగం దాకా ఆమెకు పనులన్నీ చీటీల మీద రాసే చెప్పాడు.

సోమవారం పొద్దున గార్నెట్ సామాను సర్దుకుని, బస్సెక్కే ముందు ఆమె గదికి వచ్చాడు. బల్లెక్కి కూర్చున్నాడు. ఈసారి ఆమె దిగమనలేదు.

"నిన్న నాకు చాలా కోపం వచ్చింది బాస్."

"తెలుసు."

"ఆ చివరి గోలు... నువ్వు మాట్లాడకపోయినా పడేదే అనుకుంటా. అనుకుంటా, అంతే. పక్కాగా చెప్పలేను."

"నేనూ చెప్పలేను," అందామె. "మోకాలెలా ఉంది?"

"ఉంది."

అతను వేరే జట్లకు ఇంకా ఆరేళ్ళు ఆడాడు. ట్రాపర్స్ 1992లో మూతపడి, పద్నాలుగేళ్ళ తర్వాత అదే పేరుతో, అంతకంటే చిన్న లీగులో మళ్ళీ మొదలైంది. ఫైనల్ ఇప్పటికీ చూడలేదు.

వెర్నాకు ఇప్పుడు ఎనభై ఒకటి. మందుల షాపు పైన రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది. మంగళ, గురు, శనివారాల్లో రింక్‌కి వెళ్ళి స్కేట్లకు సాన పడుతుంది.