దోహా తెలుగు చర్చి గోడమీది క్యాలెండరు

ఖతార్ వచ్చి ఆరేళ్ళయినా నేను దోహా తెలుగు చర్చి గడప తొక్కలేదు. మాది అమలాపురం, ఇంట్లో వెంకన్న పటం, చర్చితో నాకేం పని? కానీ మొన్న మా అల్ ఖోర్ క్లినిక్‌లో పరిచయమైన మేరీ ఆంటీ అనే నర్సమ్మ "మన చర్చి పుట్టింది మా ఫ్లాట్లోనేనండీ, వచ్చి చూడండి" అని ఊరించి వదిలేసింది. ఇక ఆగుతానా! వచ్చే గురువారం హైదరాబాద్ విమానం ఎక్కాలి. కిటికీ సీటంటే నాకు ప్రాణం, అదనంగా కట్టి మరీ కొనుక్కున్నాను. ఆలోపే చూసేద్దామని శుక్రవారం పొద్దున్నే బయలుదేరాను. ఇక్కడ ఆరాధన ఆదివారం కాదు, సెలవు రోజైన శుక్రవారం.

బస్సులున్నాయి గానీ శుక్రవారం పొద్దున వాటిని నమ్ముకోలేం. తెలిసిన డ్రైవరు రాజన్న టాక్సీలో ఏడింటికి కదిలితే ముప్పావుగంట పైన పట్టింది, నూట ఇరవై రియాళ్ళు. రాజన్నది నిర్మల్ వైపు. "చర్చికా మేడం? మా ఊరి లింగన్న నడుము ఇరిగి పడుంటే ఆళ్ళే దవాఖానకు తీస్కవోయిండ్రు. మంచోళ్ళు" అన్నాడు. నేను మాత్రం దారి పొడుగునా నా కిటికీ సీటు సంగతే చెప్పాను. నా నోరు అంతే.

దోహాలోని అబూ హమూర్‌లో చర్చిలన్నీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. బయట శిలువ కనిపించదు, గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. లోపల ఒక్కో హాలు నుంచి ఒక్కో భాష. వాటి మధ్య తెలుగు పాట చెవిన పడగానే ఒళ్ళు పులకరించింది, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాను!

పదింటికి ఆరాధన అయ్యాక ఆంటీ వెనక గదిలో టీ ఇచ్చి కథ మొదలుపెట్టింది. "స్థలం లేని రోజుల్లో మా ఫ్లాట్లోనే ప్రార్థన. పాట బయటికి పోకుండా కిటికీలకు పరుపులు అడ్డం పెట్టేవాళ్ళం. అయినా ఒకరోజు సైటు పనివాడొకడు జ్వరంతో వణుకుతూ తలుపు కొట్టాడు, తెలుగు వినబడిందంట! ఆ రోజు నుంచీ ప్రార్థన ఒక గంట, మిగతాదంతా డ్యూటీ." ఆ డ్యూటీ అంటే ఆసుపత్రిలో ఎవరూ లేనివాళ్ళ దగ్గర కూర్చోవడం, జీతం రానివాళ్ళకు ఫిర్యాదు రాసి లేబర్ ఆఫీసుకు తోడు వెళ్ళడం.

గోడమీద తెలుగు క్యాలెండరుంది. మనం పాలు రాని రోజులు గుర్తుపెట్టుకున్నట్టు తేదీల మీద పేర్లు. సెలవుకు ఊరెళ్ళేవాళ్ళు తమ ప్రయాణం రోజు రాస్తారట, ఒంటరిగా వెళ్ళలేని రోగులకు తోడుగా. ఈ నెల మిగిలిన గళ్ళన్నీ ఖాళీ.

అప్పుడే చక్రాల కుర్చీలో, రాజన్న చెప్పిన ఆ లింగన్న వచ్చాడు. కంపెనీ టికెట్టు ఇస్తానంది, కానీ తోడు లేనిదే విమానంలో ఎక్కించుకోరట. ప్రయాణానికి డాక్టరిచ్చిన కాగితం వచ్చే శుక్రవారం దాకే చెల్లుతుంది.

"రూమ్ల అందరు డ్యూటీకి పోతరమ్మా," అన్నాడు తల వంచుకుని. "నీళ్ళ బాటిల్ కిందపడ్తె పొద్దుమీకిదాంక గట్లనే ఎండాలె."

మరుక్షణం తంబోలాలో ఆట కొట్టినట్టు అరిచాను. "గురువారం! నాది గురువారమే!"

లింగన్న తలెత్తి చూశాడు. ఆంటీ నింపాదిగా పెన్ను అందించింది. "యల్లా, ఇక కానివ్వండి, రాయండి. టికెట్టు సంగతి మీరు క్లినిక్‌లోనే చెప్పారుగా."

"అమ్మ నా తల్లో! అందుకా పిలిచారు? అప్పుడే అడగొచ్చుగా?"

"అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటారు. అయినా చర్చి చూపిస్తానన్నాను, చూపించాను కదండీ."

తిరుగుదారిలో కిటికీ సీటు ఊసే ఎత్తకుండా లింగన్న ప్రయాణం సంగతే చెప్పాను, రాజన్నే ఆశ్చర్యపోయాడు. ఆరేళ్ళు ఈ దేశంలో ఉండి నేను సెలవులను నావిగానే లెక్కేసుకున్నాను. ఒకరి సెలవు ఇంకొకరిని ఇంటికి చేరుస్తుందని ఆ గోడ చూసేదాకా తెలియలేదు. ఎంత సంతోషంగా ఉందో! గురువారం లింగన్నది నడవ పక్క సీటు, నాది అతని పక్కనున్న మధ్య సీటు.

మీరూ వెళ్తే ఖతార్ ఐడీ మరిచిపోకండి, తొమ్మిదిలోపు చేరండి. ఊరికి టికెట్టు తీసి ఉంటే మాత్రం, ఆ క్యాలెండరు చూసేదాకా కిటికీ సీటు కొనకండి.