నాన్న పక్కన చోటు

మా అమ్మను బల్ల నుంచి ఆపినాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. కాలం గడిస్తే కోపాలు పోతాయని చెప్పేవాళ్లన్నా నాకు కోపమే. కొన్ని కోపాలను పోనివ్వకూడదు. ఇది కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు అది తెలుసుకునే చదవాలి.

బల్ల అంటే ప్రభువు బల్ల. మా గోదావరి జిల్లాల్లో క్రైస్తవులం చర్చిని గుడి అనే అంటాం. నెలకోసారి ఆ బల్ల దగ్గర ఇచ్చే అప్పం అనే రొట్టెముక్కనీ ద్రాక్షారసాన్నీ సంస్కారం అంటాం. ఎవరైనా తప్పు చేశారని సంఘం తేలిస్తే వాళ్లకు ఆ సంస్కారం ఆపేస్తారు. గుడికి రావచ్చు, పాటలు పాడొచ్చు, కానుకలు వేయొచ్చు, బల్ల దగ్గరికి మాత్రం వెళ్లకూడదు. అందరి ముందూ నిలబడి క్షమాపణ అడిగితే మళ్లీ ఇస్తారు. అడగకుండా చనిపోతే గుడివాళ్ల సమాధుల తోటలో చోటు ఉండదు. అమ్మ భయమంతా ఆ చోటు గురించే. నాన్న ఆ తోటలోనే ఉన్నాడు. ఆయన్ని పూడ్చిననాడే కుడిపక్కన తనకోసం జాగా వదలమని అమ్మ అడిగి వదిలించుకుంది.

తొంభైల మొదట్లోని మాట ఇది. నేను ఇంటర్ చదువుతున్నాను. నాన్న రైసుమిల్లులో గుమస్తాగా చేసేవాడు, కామెర్లు ముదిరి పోయాడు. అమ్మ ముందునుంచీ జాకెట్లు కుట్టేది, ఆ తర్వాత దాంతోనే ఇల్లు నడిపింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఒక రైతు ఇల్లాలితో అమ్మకు ఎప్పటినుంచో స్నేహం. వాళ్లు హిందువులు, పొలాలున్నవాళ్లు. అమ్మ ఆవిడను వదినగారూ అనేది, నేను అత్తయ్యగారూ అనేదాన్ని. నాన్న మంచాన పడి ఉన్నన్నాళ్లూ మాకు రోజూ కేరేజీ పంపింది ఆవిడే. గుడివాళ్లు వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసి వెళ్లేవాళ్లు. ప్రార్థన తప్పని అనను, దాంతో మా పొయ్యి మీద అన్నం ఉడకలేదు, అంతే.

తర్వాత కొన్నాళ్లకు అత్తయ్యగారికి పెద్ద ఆపరేషన్ అయింది. కోలుకున్నాక పెనుగొండ వెళ్లి అమ్మవారి మొక్కు తీర్చుకోవాలన్నారు. ఒంట్లో ఓపిక లేదు, తోడు కావాలి. అమ్మ వెళ్లింది. చేయి పట్టుకుని నడిపించింది, దర్శనం అయ్యేదాకా పక్కనే నిలబడింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆవిడ దొప్పలో ప్రసాదం పులిహోర పెట్టి ఇస్తే తిన్నది. అదే బస్సులో మా సంఘ పెద్దగారి భార్య కూడా ఉన్నారు. సాయంత్రానికి గుడివాళ్లందరికీ తెలిసిపోయింది.

"ఎందుకు తిన్నావమ్మా?" అని నేను కూడా అడిగాను.

"ఆవిడ చేత్తో పెట్టిందే. మీ నాన్నకి కేరేజీ సర్దింది ఆ చెయ్యే. వద్దని తోసేస్తే నేనేం మనిషినే?" అంది అమ్మ.

సంఘ పెద్ద రిటైరైన హెడ్మాస్టరు. ఊరంతా మాస్టారు అనే పిలిచేవాళ్లు, నేను కూడా ఆయన దగ్గర చదువుకున్నదాన్నే. తెల్ల లాల్చీ వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో తిరిగినట్టే గుడిలోనూ తిరిగేవారు. అయ్యగార్లు, అంటే పాస్టర్లు, బదిలీ మీద వస్తారు, పోతారు. ఆయన మాత్రం ఎక్కడికీ పోలేదు. వచ్చిన ప్రతి అయ్యగారూ ఆయన కళ్లలోకి చూసి గానీ ప్రసంగం మొదలుపెట్టేవారు కాదు.

ఆ నెల సంస్కారం ఇచ్చే ఆదివారం, మాస్టారు లేచి "మన సంఘంలో ఒక సహోదరి విగ్రహాలకు అర్పించిన దాన్ని తిన్నది" అన్నారు. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేకపోయింది, తలలన్నీ మావైపే తిరిగాయి. అది మందలింపేననుకుంది అమ్మ. అందరితోపాటు వెళ్లి బల్ల ముందు మోకరించి చేయి చాపింది. అయ్యగారు వరసలో ఒక్కొక్కరికీ ఇస్తూ అమ్మ దాకా వచ్చారు. ఆగారు. మాస్టారి వైపు చూశారు. అమ్మను దాటి పక్కావిడ చేతిలో అప్పం పెట్టారు. అమ్మ చాపిన చేయి అలాగే ఉండిపోయింది. ఆ చేతిని నేను వెనక బెంచీలోంచి చూశాను.

ఇంటికొచ్చి నేను అన్నం తినలేదు. నాకు ఒళ్లు మండింది ఒక్క పులిహోర గురించి కాదు. ఆ ముందు వేసవిలోనే మాస్టారు తన కొడుకు పెళ్లి చేశారు. పెళ్లి గుడిలోనే జరిగింది. అయితే టైము మాత్రం పక్క ఊరి పంతులుగారు పంచాంగం చూసి పెట్టింది. గుడిలో పెళ్లి తెల్లవారకముందే ఎందుకు చేస్తున్నారో తెలియనివాళ్లు మా ఊళ్లో లేరు. కళ్లు నులుముకుంటూ వెళ్లి అక్షింతలు వేసి వచ్చాం. ఆయన బల్ల ఎవరూ ఆపలేదు.

"ఈ గుడి మనకొద్దమ్మా. మన మనసుకి నచ్చిన గుడి వెతుక్కుందాం" అన్నాను.

నిజం చెప్పాలంటే నేను వెతికింది మనసుకి నచ్చిన గుడి కాదు, మాస్టారి కడుపు మండించే గుడి. ఆయన ఎవరిని బాగా తిడితే వాళ్ల దగ్గరికి అమ్మను తీసుకెళ్లాలని నా పట్టుదల. అమ్మ మా గుడిలో మంచి గొంతున్న మనిషి, ఆమె ఎత్తుకుంటే గానీ ఆడవాళ్ల బెంచీల్లో పాట లేచేది కాదు. ఆ గొంతు ఇంకో గుడిలో వినిపించాలి, అది ఆయన చెవిన పడాలి. అంతకంటే పెద్ద ఆశ నాకు లేదు.

మొదట బాప్తిస్టుల గుడికి వెళ్లాం. మనుషులు మర్యాదస్తులు, కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చిన్నప్పుడు తల మీద నీళ్లు చల్లించుకున్నది బాప్తిస్మం కాదని, కాలువలో మునిగితేనే లెక్క అని చెప్పారు. అమ్మ శ్రద్ధగా వింది. "మా ఆయన మునక్కుండానే పోయారండి. మరి ఆయన ఎక్కడున్నట్టు?" అని అడిగింది. వాళ్లు అది దేవుడి చిత్తం అన్నారు. అమ్మ గ్లాసు కింద పెట్టి లేచింది.

తర్వాత రేకుల షెడ్డులో ప్రార్థనలు పెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లాం. మాస్టారికి వాళ్లంటే అస్సలు గిట్టదు, అందుకే నాకు చాలా ఆశగా ఉండింది. కీబోర్డు, డ్రమ్ములు, చెవులు చిల్లులు పడే మైకు. అమ్మకు పాటలు నచ్చాయి, చప్పట్లు కూడా కొట్టింది. ప్రసంగంలో అక్కడి బోధకుడు, విశ్వాసం ఉన్న ఇంట్లో జబ్బు నిలవదు అన్నాడు. అమ్మ చప్పట్లు ఆగిపోయాయి. బయటికొచ్చాక చెప్పులు వేసుకుంటూ, "మీ నాన్నకి విశ్వాసం లేక కామెర్లు వచ్చాయంటాడేంటే వీడు" అంది. జన్మలో అమ్మ ఒక దైవసేవకుణ్ణి వీడు అనడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇక నాకు విసుగొచ్చి, "అత్తయ్యగారి దేవుణ్ణే మొక్కుదాం పద, అప్పుడు మాస్టారు ఏం చేస్తారో చూద్దాం" అన్నాను. అమ్మ మిషను తొక్కడం ఆపి నవ్వింది. "వదినగారు బంగారంలాంటి మనిషే. ఆవిడ అత్తగారు మాత్రం నాకు మంచినీళ్లిచ్చే గ్లాసు వసారా చూర్లో విడిగా పెడుతుందే. ఆ సంగతి వదినగారికీ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ మాత్రం మనకి చోటెక్కడిది?" అంది.

అలా వెతకడం ఆగిపోయింది. నేను ఏ గుడి మాస్టారికి మంట పెడుతుందా అని చూస్తుంటే, అమ్మ ఏ గుడిలో నాన్నకి చోటుందా అని చూసిందని నాకు అప్పటికి అర్థమైంది. అమ్మ మళ్లీ మా గుడికే వెళ్లడం మొదలుపెట్టింది. అంతకుముందు మధ్యలో ఎక్కడో కూర్చునేది, ఇప్పుడు ముందు బెంచీలో, సరిగ్గా మాస్టారి కుర్చీకి ఎదురుగా. అందరూ బల్ల దగ్గరికి లేచినప్పుడు తనొక్కతే కూర్చుని ఆయన్నే చూసేది. ఆయన పుస్తకంలో తల దూర్చేవారు.

కొన్నేళ్లకు కుర్ర అయ్యగారు ఒకరు బదిలీ మీద వచ్చారు. మంచివాడు. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడు అమ్మ చేత క్షమాపణ చెప్పించి పండగకి సంస్కారం ఇవ్వాలని మాస్టారిని ఒప్పించారు. మా ఇంటికొచ్చి, "ఒక్క మాటేనమ్మా, అనేయండి" అని బతిమాలారు. అమ్మ సరేనంది. నేను వద్దని పోట్లాడాను, రెండు పూటలు మాట్లాడడం మానేశాను.

మట్టలాదివారం గుడి కిటకిటలాడింది. అమ్మ ముందుకు వెళ్లి మా అందరి వైపు తిరిగి నిలబడింది.

"పెనుగొండ వెళ్లిన మాట నిజమండి. ప్రసాదం తిన్న మాట నిజమండి. క్షమాపణ అడగమన్నారు, అడుగుతాను. కాకపోతే ఒక్కదాన్నే అడగాలంటే బిడియంగా ఉందండి. పెళ్లికి ముహూర్తం పెట్టించుకున్నవాళ్లు, ప్రయాణానికి వర్జ్యం చూసుకున్నవాళ్లు, పిల్లలకి తాయెత్తు కట్టించినవాళ్లు దయచేసి ముందు వచ్చి నిలబడండి. మీ వెనకాల నేను నిలబడతాను."

ఎవరూ కదల్లేదు. నా ముందు బెంచీలో ఒకావిడ ఒళ్లో పిల్లాడి మొలతాడు మీదికి పైట చెంగు లాగింది. మాస్టారి ముఖం నల్లబడింది. అమ్మ చాలాసేపు ఎదురుచూసి, "అయితే నేనూ కూర్చుంటానండి" అని వచ్చి కూర్చుంది. నాకు ఈల వేయాలనిపించింది. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

దానికి మేం బాగానే అనుభవించాం. అమ్మ ఒక్కాయన్ని కొట్టబోతే దెబ్బ అందరికీ తగిలింది. గుడివాళ్లంతా మా ఇంట్లో జాకెట్లు కుట్టించుకోవడం మానేశారు. మంచి అయ్యగారు బదిలీ అయిపోయారు. అమ్మ బల్ల అలాగే ఆగిపోయింది. "చోటు సంగతేంటమ్మా?" అంటే, "నేను పోయాక కదా, నువ్వు చూసుకుందువులే" అనేది.

నాకు కాకినాడలో టీచరు ఉద్యోగం వచ్చింది. సెల్‌ఫోన్లు మా ఊరిదాకా వచ్చిన రోజుల్లో ఒక ఉదయం అత్తయ్యగారి అబ్బాయి ఫోను చేశాడు, అమ్మ నిద్రలోనే పోయిందని. నేను బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి, ఎవరైనా పోతే మోగించే గుడి గంట ఇంకా మోగలేదు. గంట కొట్టేవాడు వచ్చి వీధిలోనే నిలబడి, "తోట తాళం ఇవ్వద్దన్నారండి మాస్టారు. ఊరి శ్మశానానికి తీసుకెళ్లమన్నారండి" అన్నాడు. కొత్త అయ్యగారిని అడిగితే, కమిటీ మాట తను దాటలేనన్నారు.

ఏడవడానికి కూడా ఆగకుండా నేను మాస్టారింటికి వెళ్లాను. ఆయన పూర్తిగా ముసలివారైపోయారు. ఆ మధ్యే ఇంట్లో ఏదో కలిసిరావడం లేదని దక్షిణం గేటు మూయించి, ప్రహరీ పగలగొట్టి తూర్పున కొత్త గేటు పెట్టించారు. గేటు మీద ఇనుప సిలువ ఉంది. గేటు ఎక్కడ పెట్టాలో చెప్పింది మాత్రం వాస్తు సిద్ధాంతి.

"సంఘం రూలమ్మా, నా చేతిలో ఏముంది? మీ అమ్మ ఆ రోజు ఒక్కమాట అనుంటే సరిపోయేది" అన్నారు.

"మీ చేతిలో లేకపోతే ఏం చేస్తారులెండి. అమ్మను ఇక్కడికే మోసుకొస్తాం మాస్టారూ. మీ కొత్త గేటుకి ఎదురుగా దించుతాం. సంఘం తేల్చేదాకా ఇక్కడే ఉంటుంది. నాకేం తొందర లేదండి" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు, గేటు వైపు చూశారు. లోపలినుంచి ఆయన భార్య పరుగులాంటి నడకతో వచ్చారు. "శవాన్ని తూర్పు గుమ్మం ముందా! ఏవండీ, తాళం ఇచ్చేయండి ముందు!" అన్నారు. మాస్టారి చేయి జేబులోకి వెళ్లింది. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. దేవుడికి భయపడి ఇవ్వనిది సిద్ధాంతికి భయపడి ఇచ్చారు. అప్పుడు నాకు దుఃఖం బదులు నవ్వొచ్చింది, ఆయన ముందే నవ్వాను.

అమ్మను నాన్న కుడిపక్కన పెట్టాం. అత్తయ్యగారు కర్ర పట్టుకుని తోటలోకి వచ్చి మొదటి పిడికెడు మట్టి వేశారు, ఎవరూ అడ్డం రాలేదు. అంతా అయ్యాక మాస్టారు నా దగ్గరికొచ్చి, "జరిగిందేదో జరిగింది. నువ్వు సభ్యత్వం ఉంచుకో అమ్మా. మీ నాన్నకి ఎడమపక్క చోటు ఉంది, నీకు రాయిస్తాను" అన్నారు.

"మీరు పెద్దగా ఉన్న గుడిలో నాకు బతికీ వద్దు, చచ్చీ వద్దండి" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. బస్సులో కాకినాడ దాకా ఆ మాటే తలుచుకుని మురిసిపోయాను.

కాకినాడలో చిన్న గుడి ఒకటి చూసుకున్నాను. ఎవరు ఏం తిన్నారో అడగరు. అక్కడా ఒక సంఘ పెద్ద ఉన్నాడు, మంచివాడే అంటారు, నేను మాత్రం కన్నేసే ఉంచాను.

తర్వాత కొన్నాళ్లకు మాస్టారు పోయారు. తోట చిన్నది, అప్పటికే నిండిపోయింది. ఖాళీగా ఉన్నది ఒక్కటే చోటు, నేను వద్దన్నది. ఆయన్ని అక్కడే పెట్టారు. నాన్నకి ఒక పక్క అమ్మ, ఇంకో పక్క ఆయన. ఆ కబురు విన్నరోజు నేను ఏడ్చినంత ఏడుపు అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఈస్టరుకు ముందు మావాళ్లంతా సమాధులకు సున్నం వేస్తారు. నేనూ ఏటా వెళ్లి అమ్మకీ నాన్నకీ వేస్తాను. పక్క సమాధి ఆనుకునే ఉంటుంది, చేయి కాస్త జారితే దానికీ అంటుకుంటుంది. ఒక్క చుక్క కూడా అంటకుండా వేస్తాను.