ఒకే కూతకు మొదలైన రెండు ఆటలు

జనగామలో మా డ్రిల్ సారు పోయారన్న కబురు నాకు హన్మకొండలో, పత్రిక ఆఫీసు టెలిఫోన్‌లో తెలిసింది. చేసినాయన తనెవరో చెప్పలేదు. "సారు పోయిండు, వస్తవా" అన్నాడంతే. నేను వెంటనే ఫోన్ పెట్టలేదు. "మీరు చూశారా?" అని అడిగాను. అటువైపు మనిషికి కోపం వచ్చింది. "చూడకుంట చెప్తరా ఎవరన్న" అని పెట్టేశాడు. ఆ ప్రశ్న నాకు అలవాటు చేసింది సారే. చివరికి ఆయన చావు కబురు మీద కూడా అదే వేయాల్సి వచ్చింది.

నేను ఆయన శిష్యుణ్ణయింది అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో. బడులు మూతపడ్డాయి. బడి లేకపోయినా సారు మాత్రం పొద్దున్నే గ్రౌండులో బంతి వేసేవారు. ఒకరోజు ఆట మధ్యలో ఒకతను పరుగెత్తుకొచ్చి స్టేషన్ తగలబడుతోందన్నాడు. అందరం ఇళ్లకు ఉరకబోయాం. సారు అతణ్ణి ఆపి, "నువ్వు చూసినవా? లేకుంటే చూసినోన్ని చూసినవా?" అని అడిగారు. దారిలో ఎవరో అన్నారన్నాడు. సారు నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని స్టేషన్‌కు తీసుకుపోయారు. గేటు బయట రెండు టైర్లు కాలుతున్నాయి. స్టేషన్ మాస్టర్ లోపల కూర్చుని టీ తాగుతున్నాడు. "గీ పొగ చూసి ఊరు కాలిందన్నడు," అన్నారు సారు. "రేపు ఇంకొకడు రాష్ట్రమే కాలిందంటడు."

అనుమానం ఆయనకు ఊపిరి లాంటిది. కూరగాయలు తూచేముందు తక్కెడ పళ్లెం అడుగున చేయి పెట్టి చూసేవారు. టాస్ వేసే నాణెం రెండు వైపులా తిప్పి చూసి, ఓడిపోయేలా ఉన్న జట్టు కెప్టెన్‌కు ఇచ్చి మళ్లీ చూడమనేవారు. బంతిలో గాలి తాను వేలితో నొక్కితే చాలదు, ఇంకొకరు నొక్కాలి. తన చేతి గడియారాన్ని కూడా నమ్మేవారు కాదు. "ఇది నా చేతికున్నది. నాకు అనుకూలంగనే నడుస్తది," అనేవారు. ఈ స్వభావం వల్ల ఆయనకు స్నేహితులు తక్కువ. శత్రువులూ తక్కువే. అందరినీ సమానంగా అనుమానిస్తే ఎవరికీ ప్రత్యేకంగా కోపం రాదు.

ఫుట్‌బాల్ మీద ఆయనకున్న పిచ్చికి జనగామలో తోడు దొరకడం కష్టం. డెబ్భైఎనిమిది ప్రపంచ కప్పు రోజుల్లో తెల్లవారుతూనే ట్రాన్సిస్టర్ తీసుకుని స్టేషన్ ముందరి టీ హోటల్‌కు వచ్చేవారు. నేనప్పుడు పత్రికకు కొత్తగా వార్తలు పంపుతున్నాను. ఫైనల్ కన్నా ముందు జరిగే లీగ్ చివరి రోజే టోర్నమెంటుకు అసలు పరీక్ష అని ఆయన వాదన. ఫైనల్లో ఇద్దరికీ గెలవడం తప్ప వేరే దారి లేదు, కాబట్టి అబద్ధమాడే చోటు లేదు. లీగ్ చివరి రోజున మాత్రం ఒకడికి గెలవాలని ఉంటుంది, ఇంకొకడికి ఇంటికి పోవాలని ఉంటుంది. "గెలుపు మీద ఆశ లేనోడు ఆడేటప్పుడే జర కండ్లు పెద్దగ చెయ్యాలె," అనేవారు.

ఆ రోజు రానే వచ్చింది. బ్రెజిల్ తన ఆట ముందే ఆడేసింది. ఆతిథ్య దేశం అర్జెంటీనా తర్వాత దిగింది. ఫైనల్ చేరాలంటే ఎన్ని గోల్స్ తేడాతో గెలవాలో దిగేముందే దానికి తెలుసు. నాలుగు కావాలి. ఆరు కొట్టింది. ఓడిన పెరూకు అప్పటికే కప్పు మీద ఆశ పోయింది. వార్త విని సారు ట్రాన్సిస్టర్ కట్టేశారు.

"అమ్ముడుపోయిన్రంటవా సార్?" అన్నాడు హోటల్ యజమాని.

"నేను చూసిన్నా?" అన్నారు సారు. "ఆట గురించి నాకు తెల్వది. టైము గురించి తెలుసు. ఒకని పేపరు దిద్దినంక ఇంకొకన్ని పరీక్షకు కూసోవెడ్తరా?"

ఆ ఆటలో తప్పు జరిగిందని ఈ రోజు వరకు ఎవరూ రుజువు చేయలేదు. సారు కూడా జరిగిందని ఎప్పుడూ అనలేదు. తప్పుకు చోటు ఉంచారనే అన్నారు.

ఆ చలికాలం జనగామలో టోర్నమెంటు పెట్టారు. బట్టల దుకాణం సేటు కప్పు ఇచ్చాడు. జనగామ, మానుకోట, పరకాల, భూపాలపల్లి జట్లు వచ్చాయి. జనగామ కెప్టెన్ సారు కొడుకు. చివరి రోజుకు వచ్చేసరికి జనగామకూ మానుకోటకూ పాయింట్లు సమానం. కప్పు ఎవరిదో గోల్స్ తేడాతో తేలాలి. పొద్దున పరకాలతో మానుకోట ఆట, సాయంత్రం జనం ముందు భూపాలపల్లితో జనగామ ఆట అని సేటు ఏర్పాటు. సారు ఒప్పుకోలేదు. రెండు ఆటలూ ఒకేసారి మొదలవ్వాలన్నారు. ఒకటి బడి గ్రౌండులో, రెండోది పట్టాల అవతల మిషన్ గ్రౌండులో.

"నీ కొడుకు మీదనే అనుమానమా సారూ?" అన్నాడు సేటు.

"నా మీద సేటూ. ఎన్ని గోల్సు గావాల్నో ముందే తెలిస్తే, విజిల్ నోట్లె వెట్టుకున్నోని నోరు అటే తిరుగుతది."

జనగామ ఆటకు రెఫరీ ఆయనే. రెండో ఆటకు వరంగల్ నుంచి ఒకాయన్ని పిలిచారు. మీరే మానుకోట ఆటకు పోవచ్చు కదా అని నేను అడిగాను. "పోతే, కొడుకు కోసం మానుకోటను ఆపిండంటరు. ఇటున్నా అనుమానమే, అటున్నా అనుమానమే. ఇటుంటే కనీసం కండ్ల ముందల ఉంట," అన్నారు. నన్ను మాత్రం మిషన్ గ్రౌండుకు పంపారు. అక్కడ జరిగింది తనకు నమ్మకంగా చెప్పే మనిషి కావాలన్నారు.

ఇక రెండు ఆటలూ ఒకేసారి మొదలయ్యేదెట్లా? గడియారాలు ఆయనకు పనికిరావు. మధ్యాహ్నం మూడింటికి ప్యాసింజర్ బండి వస్తుంది. దాని కూత రెండు గ్రౌండ్లకూ వినిపిస్తుంది. "కూత ఒక్కటే. ఎవని చేతికీ కట్టుకోలే," అన్నారు. కూత పడగానే ఇద్దరు రెఫరీలూ విజిల్ వేయాలి. రైల్వే గేటు దగ్గర బడి అటెండరును నిలబెట్టి, ఆటలు అయ్యేదాకా స్కోరు అటూ ఇటూ పోకుండా చూడమన్నారు. అతను పెళ్లికి పోతున్న ఎడ్లబండిని కూడా ఆపాడు. దాని మీద తర్వాత పంచాయితీ అయింది.

అన్నీ అనుమానించిన మనిషి రైలును మాత్రం నమ్మారు. ఆ రోజు మూడింటికి రైలు రాలేదు. రెండు గ్రౌండ్లలో రెండేసి జట్లు బంతి ముందు నిలబడ్డాయి. బడి గ్రౌండు సంగతులు నాకు తర్వాత చెప్పారు. భూపాలపల్లి పిల్లలు గడ్డిలో కూర్చుని, "మా ఊరికి రైలు లేదు సారూ, గందుకే మేం టైముకొస్తం," అన్నారట. కొడుకు నడుం మీద చేతులు పెట్టుకుని, "సార్, బండి రేపొస్తే రేపాడుదమా?" అన్నాడట. గ్రౌండులో అతను తండ్రిని బాపూ అనడు. సేటు తెచ్చిన ముఖ్య అతిథి లేచి వెళ్లిపోయాడు. సారు కదల్లేదు. మాట మాటే అన్నారు. గంట దాటాక బండి కూసింది.

మానుకోట పెద్ద తేడాతో గెలిచింది. అది నేను చూశాను. జనగామా గెలిచింది కానీ ఒక్క గోల్ తక్కువైంది. కప్పు మానుకోటకు పోయింది. బడి గ్రౌండులో ఆట ఇంకొంచెంలో అయిపోతుందనగా పడమటి గోల్ ముందు కొడుకు బంతితో దూసుకుపోతూ పడిపోయాడు. భూపాలపల్లి డిఫెండర్ కాలు అడ్డం పెట్టాడని జనగామ వాళ్లు, తనంతట తనే పడ్డాడని భూపాలపల్లి వాళ్లు. పెనాల్టీ ఇవ్వాల్సిందేనని జనం కేకలు వేశారు. సారు ఆడమని చేయి ఊపారు. నేను తర్వాత చాలామందిని అడిగాను. కళ్లారా చూశామన్నవాళ్లలో సగం మంది ఆ సమయంలో గేటవతల నా పక్కనే ఉన్నారు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. కొడుకు గడపలో నిలబడి ఉన్నాడు. బూట్లు విప్పలేదు. "నేను నీ కొడుకును గాకపోతే ఇస్తుంటివి," అన్నాడు తండ్రితో. "నలుగురు నిన్ను మెచ్చుకోవాలె. గంతే గదా బాపూ." సారు చేతిలోని విజిల్ తాడును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు.

తర్వాత కొడుకుకు కరెంటు లైన్ల మీద పని దొరికి భూపాలపల్లి వెళ్లిపోయాడు. పండుగకు వచ్చేవాడు. తల్లితో మాట్లాడేవాడు. "బాపు తిన్నడా" అని ఆమెను అడిగేవాడు. "వాడు తిన్నడా" అని ఈయనా ఆమెనే అడిగేవారు. "ఒకటే అర్రల ఇద్దరు కూసుండి నన్ను పోస్టుమ్యాన్‌ను చేసిన్రు," అని ఆమె నాతో అనేది. అనుమానించడం తండ్రి దగ్గర నేర్చుకున్న కొడుకు, దాన్ని తండ్రి మీదే వాడాడు.

ఎనభైరెండు ప్రపంచ కప్పులోనూ, తమతో పోటీ పడే మూడో జట్టు ఆట ముందురోజే అయిపోయిందని తెలిసి, రెండు పొరుగు దేశాలు తమ ఇద్దరికీ సరిపోయే స్కోరు దగ్గర ఆట ఆపేసుకున్నాయని లోకమంతా గగ్గోలు పెట్టింది. ఎనభైఆరులో నిబంధన మార్చారు. లీగ్ చివరి ఆటలు ఒకేసారి మొదలవ్వాలన్నారు. సారు సంతోషిస్తారనుకుని ఆ వార్త పట్టుకుని జనగామ వెళ్లాను. చదివి, కళ్లద్దాలు తీసి, "బాగనే ఉన్నది. మరి బెంచి మీద కూసున్నోని సంకల ట్రాన్సిస్టర్ ఉన్నదా లేదా ఎవరు చూసిన్రు?" అన్నారు.

అదే ఏటి కప్పు క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనా గోల్ ఒకటి చేత్తో కొట్టినదన్న గొడవ అయింది. పేపర్లో ఫోటో వచ్చింది. టీ హోటల్ ముందు బల్ల మీద పరిచి అందరూ చూస్తున్నారు. బంతి దగ్గర చేయి కనపడుతోంది.

"రెఫరీకి ముట్టింది సార్. గంత చెయ్యి కనవడదా?" అన్నాడు హోటల్ యజమాని.

సారు ఫోటోను చాలాసేపు చూశారు. "ఫోటో తీసినోడు ఎక్కడ నిలవడ్డడో చూడు," అన్నారు. "రెఫరీ గక్కడ లేడు. కనవడకపోయి ఉంటది."

ఆయనను ఎరిగినప్పటి నుంచి, ఒక మనిషిని అనుమానించకుండా వదిలేయడం నేను అప్పుడే చూశాను. అందుకే నాకు అనుమానం వచ్చింది. ఇంటికి నడుస్తూ అడిగాను. "ఆ రోజు కొడుకు పడ్డప్పుడు మీరు ఎక్కడున్నారు సార్?"

"నడిమిట్ల. పడమటికి ఎదురుంగ," అన్నారు. "బండి టైముకొస్తే ఎండ ఇంకా మీదనే ఉండేది. రాలే. ఎండ గోల్ మీదికి దిగింది. వాడు ఉరికింది తెలుసు, పడ్డది తెలుసు. నడుమ ఏమైందో నాకు కనవడలే. చూడంది ఎట్లిస్త బిడ్డా?"

"అతనికి చెప్పలేదా?"

"చెప్తే సాకు అంటడు. నేనైనా అంట. నేను పోయినంక చెప్పు. అప్పుడు నాకొచ్చే లాభం ఏముండదు గద, జర నమ్ముతడు."

నిజం చెప్పాలంటే నేను పూర్తిగా నమ్మలేదు. ఎనిమిదేళ్ల తర్వాత దొరికిన కారణాన్ని ఏ విలేకరీ వెంటనే రాసుకోడు.

సారు పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక కొడుకును పక్కకు పిలిచి చెప్పాను. గుండు చేయించుకున్న తల మీద తువ్వాల వేసుకుని విన్నాడు. ఏడవలేదు. "టోర్నమెంటు గూడ గిదే నెలల గదా అన్నా?" అన్నాడు. అవునన్నాను. "మూడింటికి గాదు, గంటెనక మొదలైంది." అవునన్నాను. ఇంట్లో ఉన్న తల్లి వైపు చూసి, "అవ్వా, ఇప్పుడే వస్త," అని చెప్పులు వేసుకున్నాడు. నేను వెంట నడిచాను.

బడి గ్రౌండులో పిల్లలు ఆడుతున్నారు. అతను నేరుగా గ్రౌండు నడిమికి వెళ్లి, పడమటి గోల్‌కు ఎదురుగా నిలబడ్డాడు. పిల్లలు అతని చుట్టుపక్కల నుంచే పరుగెత్తారు. కాసేపటికి ఎండ గోల్ కర్రల మీదికి దిగింది. గోల్ ముందు ఒక గుంపు కలబడింది. ఎవరో పడ్డారు. దుమ్ము లేచింది. ఫౌలని ఒకరు, కాదని ఇంకొకరు అరిచారు. ఒకడు ఇతని దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, నువ్వు గిక్కడనే ఉన్నవ్ గద. కాలు తాకిందా లేదా?"

కొడుకు నుదుటి మీద చేయి అడ్డం పెట్టుకుని అటే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

"నాకు కనవడలే తమ్మీ," అన్నాడు.

పిల్లవాడు గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. ఆట మళ్లీ మొదలైంది. అతను నుదుటి మీది చేయి దించాడు కానీ పక్కకు జరగలేదు. ఎండ గోల్ వెనక్కి పోయేదాకా, కళ్లు చికిలించుకుని, అక్కడే నిలబడ్డాడు.